ఊఁ ఆగినా ఆగని తెర

కత చెప్పేవాళ్లకి ఒక లెక్క ఉండేది. పక్కలో పడుకున్న పిల్లవాడు ఊఁ కొడుతున్నంతసేపూ కత నడవాలి. ఆ ఊఁ కాస్త ఆలస్యమై, సాగి, గొంతులోనే ఆగిపోయిందంటే రాజుగారి ఏడో కొడుకు ఏ అడవిలో ఉన్నా సరే, కత అక్కడితో ఆపేయాలి. మిగతాది రేపు రాత్రికి. ఒడిశాలోని పర్లాకిమిడిలో, బరంపురం తెలుగు వీధుల్లో, గుణుపురం, రాయగడ ఇళ్లలో మొన్నమొన్నటి దాకా పిల్లలు నిద్రపోయింది ఈ లెక్క మీదే. "బేగి తొంగో (తొందరగా పడుకో), పొద్దున్నే బడి" అన్న మాటకి లొంగని పిల్లలు కూడా కతకి లొంగేవారు.

ఇప్పుడు ఆ చోట దిండుకి ఆనించి ట్యాబ్ నిలబడుతోంది. దానికి ఊఁ వినపడదు. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. పిల్లవాడు నిద్రపోయినా, బొమ్మలు గోడ మీద నీలం నీడలు వేస్తూ ఆడుతూనే ఉంటాయి. పడక మీద తెర గురించి మాట్లాడేటప్పుడు అందరూ ముందుగా దాని వెలుగునే తప్పుపడతారు. వెలుగు తప్పు కొంత ఉంది. కానీ దాన్ని మించిన చిక్కు, తెరకి ముగింపు లేకపోవడం. ఒకే గదిలో నలుగురైదుగురు వరసగా పడుకునే ఒడిశా సరిహద్దు ఇళ్లలో ఆ ముగింపు లేనితనం ఒక్కరి నిద్రతో ఆగదు.

ముందుగా ట్యాబ్ మంచం దాకా వచ్చిన దారి చూడాలి. 2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు ఇక్కడివాళ్లకి అది పేపర్లో బొమ్మ. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ పేరుతో చవక ట్యాబ్ విడుదల చేసింది. దాని పేరు విన్నవాళ్లే ఎక్కువ, చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయాక కత మారింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక తెరే పలక, తెరే పుస్తకం అయింది. ఆ తర్వాత 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చింది. పర్లాకిమిడికి ఆనుకునే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉంది. పెళ్లి సంబంధాలు, పండగ రాకపోకలు అన్నీ ఆ దారిలోనే. అటు మేనమామ ఇంట్లో చూసినది ఇటు పిల్లలు అడగకుండా ఎలా ఉంటారు? ట్యాబ్ కొనలేని ఇంట్లో ఆ పని పెద్ద తెర ఫోన్ చేస్తోంది. నిద్ర విషయంలో రెండింటికీ తేడా పెద్దగా లేదు.

చదువు పేరు చెప్పుకుని వచ్చింది కాబట్టి దాన్ని కాదనే ధైర్యం పెద్దవాళ్లకి లేకపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఇళ్లలో చాలావాటిలో చదువుకోవడానికి వేరే బల్ల ఉండదు. పగలు హోంవర్కు చేసే మంచమే రాత్రి పడుకునే మంచం. నిద్ర వైద్యులు ఎప్పటినుంచో చెప్పే మాట ఒకటుంది: మంచం అనగానే ఒంటికి నిద్ర గుర్తుకు రావాలి. అదే మంచం మీద పాఠం, ఆట, కార్టూన్, వీడియో కాల్ అన్నీ జరుగుతుంటే మంచం ఎక్కగానే ఒళ్లు మెలకువకి సిద్ధమవుతుంది. ఇది పిల్లల మొండితనం కాదు, అలవాటైన ఒంటి తీరు.

ఇక వెలుగు సంగతి. మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కాస్త పైన, బియ్యపు గింజంత భాగం ఒకటి ఒంటికి గడియారంలా పనిచేస్తుంది. దానికి పగలూ రాత్రీ తేడా తెలిపేది కంటి వెనక పొరలోని కొన్ని ప్రత్యేకమైన కణాలు. మనం బొమ్మలు చూసేది వీటితో కాదు. ఇవి వెలుతురు ఎంత ఉందో కొలిచి మెదడుకి చేరవేస్తాయి. ఈ కణాలు వాటంతట అవే వెలుగుని పసిగడతాయని 2002లో తేలింది. ఇవి అన్నిటికన్నా గట్టిగా స్పందించేది 480 నానోమీటర్ల దగ్గర ఉండే నీలి వెలుగుకి. ట్యాబ్ తెర వెనక ఉండే ఎల్‌ఈడీల్లో నీలం వాటా ఎక్కువ. రోజూ పడుకునే వేళకి సుమారు రెండు గంటల ముందు నుంచి మెలటోనిన్ అనే హార్మోను ఊరడం మొదలై, రాత్రయిందని ఒంటికి చెబుతుంది. ఆ వేళలో కంట్లో నీలి వెలుగు పడితే ఆ కబురు ఆలస్యమవుతుంది.

ఎంత ఆలస్యమవుతుంది? బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ పరిశోధకులు 12 మందిని రెండు వారాల పాటు తమ దగ్గరే ఉంచుకుని చూశారు. ఐదు రాత్రులు పడుకునే ముందు నాలుగేసి గంటలు ఐప్యాడ్ మీద పుస్తకం చదివించారు, ఇంకో ఐదు రాత్రులు కాగితం పుస్తకం చదివించారు. 2015లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం ఐప్యాడ్ రాత్రుల్లో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది. మర్నాడు అది ఊరడం గంటన్నర ఆలస్యంగా మొదలైంది. పొద్దున్నే మత్తు ఎక్కువగా ఉంది. ఈ మాటలు అందరూ చెబుతారు. అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు: నిద్ర పట్టడానికి అదనంగా పట్టిన సమయం దాదాపు పది నిమిషాలు. అది కూడా మసక వెలుతురు గదిలో, తెర వెలుగు పూర్తిగా పెంచి, నాలుగు గంటలు చదివాక.

స్వీడన్‌లో 2016లో చేసిన ప్రయోగం మరో సంగతి బయటపెట్టింది. పగలు ఆరున్నర గంటలు గట్టి వెలుతురులో ఉన్నవాళ్లకి, సాయంత్రం రెండు గంటలు ట్యాబ్ మీద చదివినా మెలటోనిన్ తగ్గలేదు. రోజంతా పొలంలోనో, సముద్రం మీదో ఉన్న మనిషి కంటికీ, రోజంతా మసక గదిలో ఉన్న పిల్లవాడి కంటికీ రాత్రి తెర ఒకేలా ఉండదన్నమాట. సాయంత్రం వీధిలో గంటసేపు ఆడుకున్న పిల్లలు రాత్రి తొందరగా పడుకుంటారని పెద్దవాళ్లు అనేది అలసట గురించే. దానికి ఎండ వెలుగు కూడా తోడవుతోందని ఇప్పుడు చెప్పవచ్చు.

చిన్నపిల్లల విషయంలో మాత్రం వెలుగుని తేలిగ్గా తీసుకోకూడదు. వాళ్ల కంటిపాప పెద్దది, కటకం తేటగా ఉంటుంది, లోపలికి పడే వెలుగు ఎక్కువ. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ప్రచురించిన అధ్యయనంలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలని పడుకునే ముందు గంటసేపు రకరకాల వెలుతుర్లలో ఉంచితే, చాలా తక్కువ వెలుతురుకి కూడా చాలామందిలో మెలటోనిన్ బాగా పడిపోయింది. అందుకని నాలుగేళ్ల పాప అన్నం తినడం లేదని ట్యాబ్ ఇచ్చి, ఆ ట్యాబ్‌తోనే పక్క మీదకి పంపడం వెలుగు లెక్కలో చూసినా నష్టమే.

రాత్రి మోడ్ పెట్టి తెరని పసుపుగా మార్చుకుంటే సరిపోతుందనే నమ్మకం బాగా పాకింది. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 2021లో 167 మంది యువతీయువకుల మీద దీన్ని పరీక్షించింది. ఆ మోడ్ పెట్టుకుని ఫోన్ చూసినవాళ్ల నిద్రకీ, పెట్టుకోకుండా చూసినవాళ్ల నిద్రకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రంగు మార్చినంత మాత్రాన చూసే సంగతి మారదు కదా. క్రికెట్ ఆఖరి ఓవర్, ఎవరో పెట్టిన గొడవ కామెంటు, ఆటలో ఇంకొక్క లెవెల్: ఇవి పసుపు తెర మీద చూసినా గుండె అంతే వేగంగా కొట్టుకుంటుంది.

ముగింపు సంగతి ఇక్కడ వస్తుంది. వెనకటి రాత్రులకి హద్దులు వాటంతట అవే ఉండేవి. కిరసనాయిలు అయిపోతే బుడ్డి ఆరేది. సీరియల్ అరగంటలో అయిపోయి "తరువాయి రేపు" అనేది. కరెంటు పోతే టీవీ ఆగిపోయేది, అందరూ వాకిట్లో మంచాలు వేసుకునేవారు. బ్యాటరీ ఉన్న తెరకి కరెంటు పోయినా పట్టదు. వీడియోల వరసకి ఆఖరి వీడియో అంటూ లేదు. ఎప్పుడు ఆపాలో తేల్చుకోవాల్సిన భారం మొత్తం, రోజంతా అలసిపోయి ఆలోచన మందగించిన మనిషి మీద పడింది. నిద్ర ముంచుకొస్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ పని చేయగలడని అనుకోవడం న్యాయం కాదు.

ఇలా జారిపోయే సమయం ఆ పది నిమిషాలతో ఆగదు. 2016లో ఇరవై అధ్యయనాలని కలిపి, 1,25,198 మంది పిల్లల వివరాలు చూసిన ఒక పెద్ద సమీక్షలో, పడుకునే వేళ తెర వాడే పిల్లల్లో నిద్ర చాలకపోయే అవకాశం రెండింతలకి పైగా ఉందని తేలింది. పగటి పూట తూగే అవకాశం ఇంకా ఎక్కువ. వాడకపోయినా పక్కన ఉంటే చాలు, నిద్ర తగ్గడం కనబడింది. లండన్‌లో 2017లో 715 మంది పసిపిల్లల తల్లిదండ్రులని అడిగితే, రోజుకి ఒక గంట టచ్ స్క్రీన్ వాడకానికి పావుగంట పైచిలుకు నిద్ర తగ్గుతూ కనిపించింది. వీటిలో ఒక జాగ్రత్త అవసరం. నిద్ర పట్టని పిల్లలకే తల్లిదండ్రులు ఎక్కువగా తెర ఇస్తూ ఉండవచ్చు, అప్పుడు కారణం తలకిందులవుతుంది. అయినా వేరువేరు దేశాల్లో వేరువేరు వయసుల్లో ఒకే దిక్కుకి చూపుతున్న అంకెలని పక్కన పెట్టేయలేం.

ఈ లెక్కని ఇక్కడి పొద్దులకి అన్వయిస్తే బరువు తెలుస్తుంది. బరంపురంలో మే నెలలో సూర్యుడు ఐదు గంటలు దాటీ దాటకముందే వచ్చేస్తాడు. ఎండలు ముదిరితే ఒడిశాలో బడులని పొద్దుటి పూటకి మారుస్తారు, ఆరున్నరకే గంట కొట్టేస్తారు. అంటే పిల్లవాడు ఐదున్నరకైనా లేవాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. రాత్రి పదకొండున్నరకి తెర ఆగితే మిగిలేది ఆరు గంటలు. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజాము భాగంలోనే ఉంటుంది. అలారం కోసేసేది సరిగ్గా ఆ భాగాన్నే. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడంలో, మనసులోని అలజడి సర్దుకోవడంలో ఆ నిద్రకి పాలుందని పరిశోధకులు చెబుతారు. పొద్దున్నే విసుక్కునే, బడిలో తూగే పిల్లవాడిని బద్ధకస్తుడనే ముందు ఈ ఆరు గంటల లెక్క వేసుకోవాలి.

ఇంగ్లీషు దేశాల నుంచి వచ్చే సలహాల్లో మొదటిది: పడకగదిలో తెర ఉంచవద్దు. సలహా మంచిదే. కానీ అది పడకగది అనేది వేరుగా ఉన్న ఇంటికి రాసింది. ఇక్కడ చాలామంది తెలుగు కుటుంబాలకి ఉన్నవి ముందర ఒక గది, వెనక వంటచోటు. ముందరి గదిలోనే టీవీ, దేవుడి పటాలు, బీరువా. రాత్రి అక్కడే చాపలు. ఒక మూల ముసలమ్మ, పక్కన పిల్లలు, ఇవతల భార్యాభర్తలు. గోపాల్‌పూర్ వైపు తీరంలో వేటకి వెళ్లే ఇళ్లలోనైతే మగవాళ్లు తెల్లవారకముందే లేచి వల పట్టుకోవాలి. అలాంటి గదిలో ఒక తెర వెలిగితే అది ఒకరిది కాదు. దుప్పటి కప్పుకుని చూసినా అంచుల నుంచి వెలుగు బయటికి వస్తుంది, సౌండ్ తగ్గించినా పక్క మనిషికి వినపడుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సౌండ్ బాధ పోతుంది, మనిషి మాత్రం ఇంకాస్త దూరమవుతాడు. రెండు గంటలకోసారి మెలకువ వచ్చే ముసలివాళ్లకి, ఆ వెలుగులో మళ్లీ నిద్ర పట్టడం కష్టం. వాళ్లు ఆ మాట పైకి అనరు. కొడుకునీ మనవడినీ ఏమంటారు?

ఇక్కడ తల్లి గురించి ఆగి ఆలోచించాలి. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తుందని ఇంట్లో మాట పడేది ఎక్కువగా ఆమే. పొద్దున ఐదింటికి ముందే లేచి, నీళ్లు, వంట, బడి, కూలి పనో మిషను కుట్టో చూసుకుని, అందరూ పడుకున్నాక గిన్నెలు కడిగి వచ్చేసరికి పది. ఆ తర్వాతి గంట ఆ రోజు మొత్తంలో ఆమెని ఎవరూ ఏమీ అడగని గంట. నిద్ర వస్తున్నా ఆ గంటని వదులుకోబుద్ధి కాదు. పడుకోవాల్సిన వేళని కావాలని వాయిదా వేసే ఈ తీరుని నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ఒక పేరు పెట్టి వివరించారు. పేరు లేకుండానే ఇక్కడి ఆడవాళ్లకి అది బాగా తెలుసు. ఫోన్ లాక్కోవడం దీనికి మందు కాదు. గిన్నెలు ఇంకొకరు కడిగి, ఆ గంటని ఎనిమిదింటికి ఆమెకి ఇస్తే పదకొండింటి ఫోన్ దానంతట అదే తగ్గవచ్చు.

భార్యాభర్తల సంగతి కూడా అంతే సున్నితం. ఒకే గది ఇంట్లో వాళ్లు మాట్లాడుకోగలిగేది అందరూ నిద్రపోయాకే, అదీ గుసగుసగా. అప్పు తీర్చడం, అత్తగారి మందులు, పిల్లకి చూడాల్సిన సంబంధం, ఏదైనా ఆ అరగంటలోనే తేలేది. ఇద్దరూ చెరో తెర వైపు తిరిగి పడుకుంటే గొడవ ఏమీ జరగదు. జరగాల్సిన మాట కూడా జరగదు. రోజులు గడిచేకొద్దీ చెప్పుకోని మాటలు పేరుకుంటాయి.

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని రాత్రి తెర ఉండకూడదని తేల్చేస్తే, ఈ జిల్లాల బతుకు తెలియనట్టే. బరంపురం ఉన్న గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉంటారని చెబుతారు. ఎక్కువమంది ఒడియావాళ్లు, తెలుగు ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అక్కడ షిఫ్టు పన్నెండు గంటలు. తీరంలోని తెలుగు బెస్తవాళ్లు చెన్నై, గోవా, కేరళ పడవల మీద నెలల తరబడి ఉంటారు. 2020 లాక్‌డౌన్‌లో చెన్నై నుంచి సముద్రం మీదుగా పడవల్లో ఇళ్లకి చేరినవాళ్లు వీళ్లలో ఉన్నారు. ఇలాంటి ఇంట్లో నాన్న దొరికేది షిఫ్టు దిగాక, రాత్రి తొమ్మిదిన్నరకో పదికో, ఆ తెర మీదే. పాప నవ్వడం, పళ్లు ఊడిన నోరు చూపించడం, నాన్న తిన్న కూర ఏంటో అడగడం, అన్నీ పక్క మీదే. దాన్ని "స్క్రీన్ టైమ్" అని లెక్క కట్టడానికి మనసొప్పదు. రెండేళ్ల లోపు పిల్లలకి తెర వద్దని చెప్పే పిల్లల వైద్యులు కూడా దూరాన ఉన్న సొంతవాళ్లతో వీడియో కాల్‌కి మినహాయింపు ఇస్తున్నారు. చిక్కు కాల్‌తో రాదు, కాల్ అయ్యాక వస్తుంది. నాన్న ఫోన్ పెట్టేస్తాడు, తెర మాత్రం పిల్లవాడి చేతిలో మిగిలిపోతుంది. నాన్న వెళ్లిపోయిన దిగులుని కార్టూన్‌తో కప్పుకుంటాడు. తల్లికీ ఆ సమయంలో తెర లాక్కోబుద్ధి కాదు.

భాష సంగతి కూడా ఈ రాత్రి గంటతోనే ముడిపడి ఉంది. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామందికి బడి భాష ఒడియా, బజారు భాష ఒడియా హిందీ కలగలుపు. తెలుగు అక్షరాలు రానివాళ్లు ఎందరో. వాళ్లకి తెలుగు అందేది చెవి నుంచే, అందులో పెద్ద భాగం పడుకునే ముందు మాటల్లో. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆయన నిలబెట్టాలనుకున్న నోటి తెలుగు ఈ రోజు ఇక్కడ బతికి ఉందంటే బళ్ల వల్ల కన్నా అమ్మమ్మల వల్లే. ఆ గంటని హిందీ కార్టూన్ తీసుకుంటే పిల్లవాడు నిద్రతో పాటు కొన్ని మాటలు కూడా పోగొట్టుకుంటాడు. తెర మీద తెలుగు వీడియోలు కూడా ఉన్నాయి, నిజమే. వాటిలో వినబడేది హైదరాబాదు స్టూడియోల తెలుగు. "బేగి", "తొంగో" అనే మాటలు అందులో దొరకవు. పైగా వీడియో పిల్లవాడిని ఊఁ కొట్టమనదు. వింటాడు, బదులు పలకడు. భాష వచ్చేది బదులు పలికితేనే.

ఒక చిన్న విషయం భయపడేవాళ్ల కోసం. చీకట్లో పక్కకి తిరిగి, ఒక కన్ను దిండులో మునిగి ఉండగా ఇంకో కంటితో తెర చూసి, లేచేసరికి ఆ కన్ను కాసేపు కనబడలేదని కంగారు పడినవాళ్లు ఉన్నారు. 2016లో లండన్ వైద్యులు దీన్ని వివరించారు. ఒక కన్ను చీకటికి, ఇంకోటి వెలుగుకి అలవాటు పడడం వల్ల వచ్చే తేడా ఇది. కొన్ని నిమిషాల్లో పోతుంది. పోకపోతే, లేదా తెర చూడకుండానే అలా అయితే వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. ట్యాబ్‌ని పరుపు కింద పెట్టి చార్జింగ్ చేయడం మాత్రం మానేయాలి. వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఒకే గది ఇంటికి పనికొచ్చే ఏర్పాట్లు వేరుగా ఉండాలి. గది మారదు కాబట్టి తెర చోటు మార్చాలి. తలుపు పక్క గూట్లోనో వంటచోటు గట్టు మీదో అన్ని ఫోన్లకీ, ట్యాబ్‌కీ ఒకే చార్జింగ్ చోటు పెట్టుకుని, ఒక వేళకి అందరివీ అక్కడికి చేరితే పిల్లలకి అన్యాయం జరిగినట్టు అనిపించదు. తండ్రి ఫోన్ దిండు కింద ఉండి పిల్లవాడి ట్యాబ్ గూట్లో ఉంటే ఆ నియమం రెండు రోజులు నిలవదు. అలారం కోసమని ఫోన్ పక్కన పెట్టుకునేవాళ్లు ఒక అలారం గడియారం కొనుక్కుంటే సరిపోతుంది. ఆటోప్లే ఆపేస్తే కనీసం ఒక వీడియో దగ్గర తెర ఆగి అడుగుతుంది. చదువు పని మంచం దిగి, నేల మీద చాప వేసుకుని చేస్తే మంచం మళ్లీ నిద్రకే మిగులుతుంది.

నాన్న కాల్‌ని పక్క మీద నుంచి గుమ్మం దగ్గరికి మార్చవచ్చు. గుమ్మంలో కూర్చుని ముఖాలు చూసుకుని, నవ్వుకుని, లోపలికి వచ్చేటప్పుడు వీడియో తీసేసి, తెర బోర్లించి, కాల్ మాత్రం ఉంచితే చాలు. దీపం ఆర్పాక స్పీకరులో నాన్న గొంతు ఒక్కటే ఉంటుంది. తనకి వాళ్లమ్మ చెప్పిన కత అతను సూరత్ గదిలో పడుకుని చెబుతాడు, ఇక్కడ పిల్లవాడు ఊఁ కొడతాడు. ఆ ఊఁ ఆగిందని ముందుగా తెలిసేది పక్కన ఉన్న తల్లికే. "తొంగున్నాడు" అని మెల్లగా చెప్పి, ఆమె కాల్ కట్ చేస్తుంది.